మన యింటిలోని కూలి మొఱ్ఱ

పాఠ్యభాగము: యాకోబు 5:1–11
కూడ చదువవలసినవి: ద్వితీయోపదేశకాండము 24:14–15, యిర్మీయా 22:13–17, మత్తయి 20:1–16

ఢిల్లీ నగరపు తూర్పు సరిహద్దు దాటగానే ఉత్తరప్రదేశ్ రాష్ట్రమునకు చేరిన ఘాజియాబాద్ జిల్లాలో వైశాలి అను నివాసప్రాంతము కలదు. బుద్ధుని కాలమున పేరుపొందిన వైశాలి బీహారులోనిది. ఇది ఆ పేరు పెట్టుకొన్న క్రొత్త పేట. 2011 జూలై 14న మెట్రో రైలు ఇచ్చటివరకు వచ్చెను. అటుపిమ్మట ఉద్యోగముల నిమిత్తము ఉత్తరదేశమునకు వచ్చిన తెలుగు కుటుంబములు కొన్ని ఇచ్చట ఇండ్లు అద్దెకు తీసికొనెను. మాది వానిలో ఒకటి. ఆదివారమున ఆరాధనకు ఢిల్లీలోనికి పోవుదుము. బుధవారము సాయంకాలమున ఎవరో ఒకరి యింట కూడి వాక్యము చదివి ప్రార్థించుకొందుము. యాకోబు పత్రికను వరుసగా చదువుచు ఐదవ అధ్యాయమునకు వచ్చినప్పుడు మా మధ్య జరిగిన సంభాషణయే ఈ పాఠమునకు మూలము.

ఇట్టి కూడికలలో లోకములోని అన్యాయమును గూర్చి ప్రసంగము వచ్చినప్పుడు, మనము సాధారణముగా అన్యాయమునకు గురియైనవారి పక్షమున కూర్చుండి మాటలాడుదుము. అందులో అబద్ధమేమియు లేదు. 1950లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి, షెడ్యూల్డు కులములలో పుట్టినవారు క్రైస్తవ మతము నవలంబించినయెడల ఆ కులములకు కలిగిన హక్కులను కోల్పోవుదురు. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ నిబంధన సడలింపబడెను గాని క్రైస్తవులకును ముస్లిములకును సడలింపబడలేదు. 1985 జూలై 17న కారంచేడులో జరిగినదానిని, 1991 ఆగస్టు 6న చుండూరులో జరిగినదానిని మన సంఘములు మరువలేవు. తెలుగు క్రైస్తవునికి అన్యాయమనగా గ్రంథములో చదివి తెలిసికొనవలసిన సంగతి కాదు.

అయినను యాకోబు ఈ అధ్యాయమును బాధితులతో ప్రారంభింపలేదు. మొదటి ఆరు వచనములు కూలి ఇయ్యవలసినవారితో మాటలాడుచున్నవి. ఏడవ వచనమునగాని ఆయన సహోదరులవైపు తిరుగడు. ఆ మొదటి భాగమును మనము ఎవరో మిద్దెలవారికి, మిల్లులవారికి వ్రాయబడినదిగా భావించి త్వరత్వరగా చదివి, ఓర్పును గూర్చిన రెండవ భాగమునొద్ద ఆగుదుము. మా కూడికలో కూడ అట్లే జరుగుచుండెను. ఒక సహోదరి, "ముందరి వచనములు మనకు కావా?" అని అడుగుటవలన ఆగితిమి.

నాలుగవ వచనమును నిదానముగా చూడుడి. అందులో మొఱ్ఱపెట్టునవి రెండు. కోత కోసినవారి కేకలు దేవుని చెవులలో చొచ్చినవని రెండవ మాట. అంతకుముందే, ఇయ్యక నిలిపివేసిన ఆ కూలియే మొఱ్ఱపెట్టుచున్నదని యాకోబు చెప్పుచున్నాడు. కూలివాడు తన గుడిసెలో నున్నాడు. కూలి ఎక్కడ నున్నది? యజమానుని యింటిలో, అతని పెట్టెలో నున్నది. అనగా ఆ మొఱ్ఱ బయటినుండి వచ్చునది కాదు, లోపలినుండి లేచునది. హేబెలు రక్తము నేలలోనుండి దేవునికి మొఱ్ఱపెట్టెనని ఆదికాండము 4:10లో చదువుదుము. అట్లే మన బీరువాలోని కొన్ని నోట్లు మనము నిద్రించుచుండగా మాటలాడుచున్నవి.

ఆ మొఱ్ఱ వినువానిని యాకోబు ఏ పేరున పిలుచుచున్నాడో అదియు గమనింపదగినది. గ్రీకు భాషలో వ్రాయుచు, ఆ స్థలమున మాత్రము "సబయోతు" అను హెబ్రీ మాటను అట్లే యుంచెను. సైన్యములకు అధిపతి అని దాని భావము. క్రొత్త నిబంధనలో ఆ మాట రెండు చోట్లనే కలదు: రోమా 9:29లో యెషయా వాక్యమును ఉదాహరించుచు పౌలు దానిని వాడెను, మరియొకటి ఇదే. ఏ సంఘమును, ఏ న్యాయవాదియు, ఏ చట్టమును లేని కోతకూలివాని పక్షమున నిలుచువాడు సేనలుగల దేవుడని యాకోబు తలంపు.

ధర్మశాస్త్రము ఈ విషయమున మరింత కఠినముగా నున్నది. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము కూలిని ఎగగొట్టువానిని గూర్చి మాత్రమే మాటలాడుట లేదు. సూర్యుడు అస్తమించిన తరువాత ఇచ్చువానిని గూర్చియు మాటలాడుచున్నది. ఆలస్యమే అక్కడ పాపము. ఏలయనగా దినకూలితో ఆ రాత్రి పొయ్యి వెలుగవలెను. మరునాడు ఇచ్చిన కూలి మరునాటి ఆకలిని తీర్చునేగాని గడచిన రాత్రి ఆకలిని తీర్చదు. ఆ బీదవాడు ఇశ్రాయేలీయుడే కానక్కరలేదు, నీ గ్రామములోని పరదేశియైనను అంతేయని ఆ వాక్యము చెప్పుచున్నది. పరదేశులుగా ఉత్తరదేశమున నివసించు మాకు ఆ మాట మరి దగ్గరగా వినిపించినది. అయితే మేము ఉద్యోగులమైన పరదేశులము, మా యిండ్లలో పనిచేయువారు గిన్నెలు తోము పరదేశులు.

ఇక్కడ నా స్వంత సంగతి చెప్పవలసియున్నది.

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి చేసిన ప్రకటన ప్రకారము ఆ అర్ధరాత్రి నుండియే దేశమంతట లాక్‌డౌన్ ఆరంభమాయెను. నాలుగు గంటల వ్యవధిలో కోట్లాది కూలిజనుల పని నిలిచిపోయెను. మార్చి 28న మాకు రెండు స్టేషన్ల దూరముననున్న ఆనంద్ విహార్ బస్సు స్టాండునొద్ద వేలకొలది జనులు గుమిగూడిరి. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వము బస్సులు నడుపుచున్నదను వార్త విని, ఢిల్లీ నలుమూలలనుండి మూటలు నెత్తిన పెట్టుకొని, పిల్లలను చంకనెత్తుకొని నడచివచ్చిరి. మా మేడమీదనుండి చూడగా దారిపొడవునను జనులే. ఆ నగరములోని మెట్రో స్తంభములను, మేము నివసించు అంతస్తులను కట్టిన చేతులు వారివే. ఆ చేతులకు నగరములో ఒక నెల నిలుచుటకు చోటు లేకపోయెను.

మా కూడికవారము కొందరము చలించితిమి. పూరీలు, బంగాళాదుంప కూర పొట్లములు కట్టి, అనుమతి పొందినవారి చేత వారికి పంపించితిమి. ఆ పొట్లముల ఛాయాచిత్రము మా ఫోనులలో అందరికిని చేరెను. దేవునికి స్తోత్రము చెప్పుకొంటిమి. అది చెడ్డపని కాదు, ఇప్పుడును కాదనను.

అయితే మా యింటిలో గిన్నెలు తోమి గచ్చు తుడుచు ఒక స్త్రీ యుండెను. బెంగాలు దేశస్థురాలు, మా పిల్లలు ఆమెను దీదీ అని పిలుచుచుండిరి. మార్చి 22 నుండి బయటి పనివారిని లోనికి రానియ్యకూడదని మేముండు భవనముల కమిటీ గేటు మూసెను. నెలకు 3,000 రూపాయలు ఆమె జీతము. నేను మార్చి నెలకు 21 దినములు లెక్కగట్టితిని. 2,032 రూపాయలు వచ్చెను. ఆమె భర్త ఖాతాకు సరిగా అంతయే పంపితిని. ఏప్రిల్ నెలకు ఏమియు పంపలేదు.

"దీదీకి ఏప్రిల్ జీతము పంపితిరా?" అని నా భార్య అడిగెను.

"పనిచేయలేదు గదా!" అంటిని.

అదే నెలలో నేను ఇంటినుండి పనిచేయుచు పూర్తి జీతము పుచ్చుకొంటిని. మార్చి 29న కేంద్ర ప్రభుత్వము ఒక ఉత్తర్వు వెలువరించి, మూతబడిన కాలమునకు కూడ పరిశ్రమలు, దుకాణములు, వ్యాపారసంస్థలు తమ పనివారికి కోత లేకుండ జీతము ఇయ్యవలెనని ఆజ్ఞాపించెను. ఆ ఉత్తర్వును మే 18 నుండి ఉపసంహరించిరి. అందులో ఇండ్లలో పనిచేయువారి ప్రస్తావన లేదు. నేను ఆ ఉత్తర్వును వార్తాపత్రికలో రెండుసార్లు చదివి, మన యిల్లు దుకాణము కాదు అని సమాధానపడితిని. ఒక విశ్వాసి వాక్యమును అంత శ్రద్ధగా చదివి తప్పించుకొను మార్గము వెదకడేమో.

మే నెలలో ఆ కుటుంబము శ్రామిక రైలులో స్వగ్రామమునకు వెళ్లెను. సెప్టెంబరులో తిరిగివచ్చిరి. దీదీ మరల పనికి వచ్చిన మొదటి దినమున, తమ గది అద్దెకు తన వెండి పట్టీలు అమ్మితినని మా పిల్లలతో ఏదో కథ చెప్పినట్లు చెప్పెను. నాతో చెప్పలేదు, నన్ను నిందింపలేదు. ఆ సాయంకాలము నేను ఏప్రిల్ నుండి ఆగస్టు వరకు జీతమును, మార్చిలో కోసినదానిని లెక్కవేసి కవరులో పెట్టి ఇచ్చితిని. ఆమె దానిని తెరచి చూచి, "ఇది ఏ నెలది?" అని అడిగెను. తనకు రావలసినది ఒకటి ఉన్నదని ఆమెకు తోచనేలేదు. నన్ను నేటివరకు బాధించునది ఆ ప్రశ్నయే. దారిన పోవువారికి పొట్లములు పంపినప్పుడు దాతననుకొంటిని. నా గుమ్మములో రోజును ఎదురుపడిన మనిషికి ఋణస్థుడనని ఎరుగనైతిని. ఆరు నెలల తరువాత ఇచ్చిన జీతము పట్టీలను తిరిగి తేలేదు.

కొందరు, "పని చేయని దినములకు కూలి ఎట్లు ఋణమగును?" అందురు. న్యాయమైన ప్రశ్నయే. నా జవాబు ఇది: ఆమె పని మానలేదు, గేటు మూసినవారము మేము. మత్తయి 20లోని ద్రాక్షతోట యజమానుడు సాయంకాలము ఐదు గంటలకు సంతవీధిలో నిలిచియున్నవారిని ఏల ఊరక నిలిచితిరని అడిగినప్పుడు, మమ్మును ఎవరును పిలువలేదని వారు చెప్పిరి. ఆ యజమానుడు వారి పని గంటలను కొలువలేదు, వారి దినమును చూచెను. మన పట్టణములలో ప్రతి ఉదయమున అడ్డా మీద తట్ట, పార పెట్టుకొని నిలుచువారిలో పది గంటలైనను పిలుపురానివారిని చూచినవారికి ఆ ఉపమానమునకు వ్యాఖ్యానమక్కరలేదు.

కూలిని గూర్చిన ఈ సంగతి తెలుగు క్రైస్తవులకు క్రొత్తది కాదు. మన సంఘముల పుట్టుకలోనే యున్నది. జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు చేరినప్పుడు, తొలుత ఆయనయొద్దకు వచ్చిన మాదిగ విశ్వాసులలో యెర్రగుంట్ల పేరయ్యగారు ముఖ్యులు. ఆ కాలమున మాదిగ కుటుంబము రైతు కుటుంబమునకు తరతరములుగా కట్టుబడి, చెప్పులు కుట్టి, తోలు పనులు చేసి, పిలిచినప్పుడెల్ల వెట్టి చేసి, కళ్లములో ఇచ్చినదానిని పుచ్చుకొనుచుండెను. క్రొత్త విశ్వాసులు మూడు సంగతులు నిరాకరించిరి: ఆదివారమున పనిచేయుట, చచ్చిన పశువుల మాంసము తినుట, విగ్రహముల పండుగలకు డప్పు కొట్టుట. ఈ మూడును గ్రామ వ్యవస్థను కదలించినవి. అందుకై వారు దెబ్బలు తినిరి, నీళ్లు దొరకక కష్టపడిరి. వారి విశ్వాసము ఆత్మ సంబంధమైనదేగాని, దాని వెల చెల్లించినది వారి వీపు.

1876 నుండి 1878 వరకు దక్షిణదేశమును ఘోరమైన కరవు పట్టెను. అప్పుడు బకింగ్‌హాము కాలువ త్రవ్వించు పనిలో మూడున్నర మైళ్ల భాగమును క్లౌ గారు గుత్తకు తీసికొనిరి. బోధకులను పనిమీద పెట్టి, ఆకలిగొన్నవారికి పని చూపి, ఆ పనికి కూలి ఇప్పించిరి. మధ్యాహ్నమున పార దించి కూర్చున్నవారితో బోధకులు, ప్రయాసపడి భారము మోయువారిని క్రీస్తు పిలుచుచున్నాడని చెప్పుచుండిరి. మత్తయి 11:28 తట్టలు మోయువారికి చెప్పినప్పుడు దాని అర్థము వేరొకరు విప్పనక్కరలేదు గదా. కరవు కాలమున బాప్తిస్మము కోరినవారిని మాత్రము ఆయన ఆపియుంచెను. అన్నము కొరకు వచ్చిరను నింద రాకూడదనియు, విశ్వాసము పరీక్షింపబడవలెననియు ఆయన ఉద్దేశము. సహాయము నిలిచిన తరువాత కూడ జనులు వచ్చిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఆ సంఖ్యను మనము వార్షికోత్సవములలో తరచుగా చెప్పుకొందుము. కాలువగట్టును గూర్చి అంతగా చెప్పము. నాకు తోచునదేమనగా, వెట్టికి అలవాటుపడిన జనులు తమ దినపు పని కొలువబడి, దానికి కూలి చేతికి వచ్చిన స్థలమును చూచిరి. అక్కడ వినిన సువార్త వారికి నమ్మదగినదిగా కనబడెను. యిర్మీయా 22వ అధ్యాయములో యెహోయాకీము రాజు పొరుగువానిచేత ఊరకనే పనిచేయించుకొని విశాలమైన మేడగదులు కట్టించుకొన్నందుకు ప్రవక్త అతనిని గద్దించి, అతని తండ్రియైన యోషీయా దీనుల వ్యాజ్యెమును విచారించెననియు, దేవుని ఎరుగుట అనగా అదేననియు చెప్పెను. దేవదారు పలకలు, ఎఱ్ఱరంగు, పెద్ద కిటికీలు, ఇవన్నియు ఆ వచనములలో నున్నవి. క్రొత్త అపార్టుమెంటు కొన్నవారు గృహప్రతిష్ఠ కూడికలో చదువుటకు ఎవరును ఎన్నుకొనని భాగమది.

ఇప్పుడు ఏడవ వచనమునకు వచ్చుదము. అన్యాయమునకు గురియైన సహోదరులను ఓర్పు కలిగియుండుడని యాకోబు హెచ్చరించుచున్నాడు. ఈ వచనమును యజమానులు పనివారికి, బలవంతులు బలహీనులకు చదివి వినిపించిన సందర్భములు చాల కలవు. నోరు మూసికొనుమని దాని భావమైనయెడల యాకోబు చూపిన ముగ్గురిలో ఒకరును దానికి తగరు. మొదట సేద్యగాడు. తొలకరికిని కడవరి వానకును ఎదురుచూచు రైతు చేతులు ముడుచుకొని కూర్చుండడు. దున్నును, విత్తును, కలుపు తీయును, కాపలా కాయును. తన చేతిలో లేనిది వాన ఒక్కటే. పిమ్మట ప్రవక్తలు. వారు ప్రభువు నామమున మాటలాడినందుననే శ్రమపడిరి. ఊరకుండినయెడల యిర్మీయాను గోతిలో దింపువారెవరు? చివరకు యోబు. ఆయన గ్రంథములో అధిక భాగము ఆయన వాదించిన వాదమే. స్నేహితులు సమాధానపడుమనిరి, ఆయన సమాధానపడలేదు. న్యాయము నిమిత్తము దేవునితోనే వ్యాజ్యెమాడెను. గ్రీకు మూలములో రైతునకును ప్రవక్తలకును వాడిన మాట మక్రోథుమియ, అనగా త్వరపడి కోపింపక దీర్ఘకాలము సహించుట. యోబునకు వాడినది హుపొమొనె, అనగా బరువు క్రింద పారిపోక నిలుచుట. ఈ రెండింటిలో ఏదియు మౌనమునకు పేరు కాదు. పగతీర్చుకొనక, పారిపోక, అడుగుట మానక యుండుటయే ఇక్కడి ఓర్పు. తొమ్మిదవ వచనము మరియొక అపాయమును చూపుచున్నది: పైవారివలన బాధపడువారు తమలో తాము ఒకరిమీద ఒకరు సణుగుదురు. అన్యాయము క్రిందికి దిగుచు పోవును.

మేము ఈ వచనములు చదువుచుండిన బుధవారమున, నోయిడాలో కాంట్రాక్టు ఉద్యోగము చేయు ఒక యువకుడు వెనుక కూర్చుండి విని, చివరకు, "అంకుల్, నాకు మూడు నెలల జీతము ఇయ్యలేదు. నేను ఓర్చుకొనవలెనా, అడుగవలెనా?" అనెను. అప్పటివరకు మాలో ఎవరికిని అతడు ఆ సంగతి చెప్పలేదు. ప్రతి వారము అతని క్షేమమును గూర్చి ప్రార్థించుచుంటిమి! ఒకరు వేరే ఉద్యోగము చూచుకొమ్మనిరి. ఒకరు ఆ సంస్థలో తమకు తెలిసినవారున్నారనిరి. దీదీ సంగతి నేను మొట్టమొదట నలుగురిలో చెప్పినది ఆ రాత్రియే.

అప్పుడా యువకుడు మరియొక సంగతి చెప్పెను. తానును మరి ముగ్గురును కలిసి గది తీసికొని వంటమనిషిని పెట్టుకొన్నారట. తమకు జీతము రానందున ఆమెకు రెండు నెలలుగా ఇయ్యలేదట. "మాకు వచ్చినప్పుడు ఇత్తుమని చెప్పితిమి" అనెను. ఎవరము ఏమియు అనలేదు.

ఆ వారమే అర్జీ వ్రాయబడెను. మాలో ముగ్గురము సెలవు పెట్టి అతనితోకూడ లేబరు ఆఫీసుకు వెళ్లితిమి. ప్రార్థన కూడికవారు ఆఫీసు బల్లమీద కూర్చుండి తమ వంతు కొరకు కనిపెట్టుట కొంత వింతగా నుండెను. పదకొండు గంటలకు పోయినవారము మూడు గంటలకు లోనికి పిలువబడితిమి. నాలుగుసార్లు తిరిగిన తరువాత రెండు నెలల జీతము వచ్చెను. ఆ సొమ్ము వచ్చిన సాయంకాలమే వంటమనిషికి రెండు నెలలదియు చెల్లించితినని అతడు ఫోనులో చెప్పెను. మిగిలిన ముగ్గురి వాటాను కూడ తానే పెట్టెనట, వారు పిమ్మట ఇచ్చిరట. మూడవ నెల జీతము ఇంకను రాలేదు. వచ్చు బుధవారము యాకోబు 5:12 నుండి చదువుదుము. మరునాడు రెండవ అర్జీతో మరల ఆఫీసుకు పోవలసియున్నది.